రెండున్నర అడుగుల పట్టాలు

అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనానికి రైల్లో వచ్చే భక్తులు దిగే స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్ అయినా ఆ స్టేషన్ శ్రీకాకుళంలో లేదు. పట్టణానికి సుమారు 13 కిలోమీటర్ల దూరాన ఆమదాలవలసలో ఉంది. పాత కాగితాల్లో చికాకోల్ రోడ్ అని కనిపించే ఈ పేరులోని ‘రోడ్’ అనే మాటకు రైల్వేవారి వాడుకలో ఒక ప్రత్యేకమైన అర్థం ఉంది: రైలు ఆ ఊరిదాకా వెళ్ళదు, ఆ ఊరికి పోయే రోడ్డు ఉన్నచోట ఆగుతుంది అని. జిల్లాకు ముఖ్యపట్టణమై, నాగావళి ఒడ్డున శతాబ్దాల చరిత్ర కలిగి ఉండి కూడా శ్రీకాకుళం నేటికీ తన గడపలో రైలును చూడని ఊరే. రైలు ఏ ఊరికి వచ్చింది, ఏ ఊరిని తప్పించుకుని పోయింది, ఎవరి డబ్బుతో వచ్చింది, ఎంత వెడల్పు పట్టాల మీద వచ్చింది అన్న ప్రశ్నలకు జవాబులు వెతుక్కుంటూ పోతే ఒక ప్రాంతపు గత నూట ముప్పై ఏళ్ళ చరిత్రలో చాలా భాగం చేతికి అందుతుంది.

ఇదే ‘రోడ్’ను తోకగా తగిలించుకున్న మరో పుణ్యక్షేత్రపు స్టేషన్ భద్రాచలం రోడ్. అది ఉన్నది కొత్తగూడెంలో, రామాలయానికి సుమారు 40 కిలోమీటర్ల ఇవతల. పేరు రాముడిదే గాని పట్టాలు పడింది బొగ్గు కోసం. ఆ బొగ్గు కథ కొత్తగూడెం కంటే ముందు బొగ్గుట్టగా పేరుపడ్డ ఇల్లందులో మొదలైంది. భద్రాచలం యాత్రికులు దారిలో వంటకు పొయ్యి పెట్టుకుంటే పొయ్యిరాళ్ళే అంటుకున్నాయని అక్కడివారు చెప్పుకునే కథ ఎలా ఉన్నా, భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లందు పరిసరాల్లో బొగ్గు ఉన్నదని గుర్తించడం, 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొందడం, ఆ దశాబ్దం ముగిసేలోగా డోర్నకల్ వైపునుంచి గనుల దాకా నిజాం రైలు శాఖామార్గం పడటం, చివరికి 1920లో ఆ కంపెనీ వారసత్వం సింగరేణి కాలరీస్ అనే పేరుతో కొత్త సంస్థగా నమోదు కావడం చరిత్రకు ఎక్కిన సంగతులు. ఇల్లందులో పేటలకు సైతం ‘ఇంక్లైన్’ నంబర్లే పేర్లు. ఇంక్లైన్ అంటే నిట్టనిలువు బావిలా కాక, ఏటవాలుగా భూమి లోపలికి దిగే గని దారి. గని మూతపడ్డా నంబరు మిగులుతుంది. ఊరి చరిత్ర ఆ అంకెలో దాక్కుని ఉంటుంది.

బొగ్గు అయిపోయిన ప్రాంతాల్లో రైలు ఏమవుతుందన్న ప్రశ్నకు ప్రపంచం చెప్పుకున్న జవాబుల్లో ఒకటి వారసత్వ రైల్వే. సరుకు కోసమో ప్రయాణికుల రాబడి కోసమో కాక, ఒక కాలపు ఇంజన్లను, పెట్టెలను, స్టేషన్లను, నడిపే పద్ధతిని సైతం సజీవంగా ఉంచడం కోసం నడిపే రైలుమార్గాన్ని ఆ పేరుతో పిలుస్తారు. ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో బొగ్గు మోయడానికి 1758లో పార్లమెంటు చట్టం ద్వారా అనుమతి పొందిన మిడిల్టన్ రైల్వే 1812లోనే ఆవిరి ఇంజన్లను వాడుకలోకి తెచ్చింది. 1960 నుంచి దాన్ని జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలు నడుపుతున్నారు. దానికన్నా ముందే, వేల్స్‌లో పలకరాయి గనుల కోసం 1865లో వేసిన టాలిలిన్ రైల్వేను 1951లో ఇలాగే కార్యకర్తలు చేతుల్లోకి తీసుకున్నారు. ప్రపంచంలో ఈ తరహా సంరక్షణకు అదే తొలి ఉదాహరణ. మన దేశంలో డార్జిలింగ్, నీలగిరి, కాల్కా–సిమ్లా కొండ రైళ్ళకు యునెస్కో 1999, 2005, 2008 సంవత్సరాల్లో ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. మూడూ కొండమీది వేసవి విడిదులకు వెళ్ళేవే. అందమైన చోటుకు వెళ్ళే రైలునే కాపాడుకోవాలన్న అభిప్రాయం మన దేశంలో ఎలా స్థిరపడిందో ఈ మూడు పేర్లే చెబుతాయి.

ఉత్తరాంధ్రలో బొగ్గు లేదు. ఉన్నది మాంగనీసు. ఉక్కును గట్టిపరచడానికి కలిపే ఈ లోహపు ముడిఖనిజాన్ని భారతదేశంలో మొట్టమొదట పెద్దఎత్తున తవ్వినది నాటి విశాఖపట్నం జిల్లాలోనే, 1890ల తొలి సంవత్సరాల్లో, నేటి విజయనగరం జిల్లా చీపురుపల్లి, గరివిడి పరిసరాల్లోని కోడూరు, గర్భాం గనుల్లో. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలో ఈ గనులను పరిశీలించిన భూగర్భ శాస్త్రవేత్త ఎల్. ఎల్. ఫెర్మర్, ఇక్కడ దొరికిన ఒక ప్రత్యేకమైన శిలకు కోడూరు పేరు మీదుగానే కోడూరైట్ అని పేరు పెట్టాడు. ప్రపంచ భూగర్భ శాస్త్రగ్రంథాల్లో చోటు దక్కిన ఆ పల్లె పేరు పక్క మండలంలో ఎందరికి తెలుసో చెప్పడం కష్టం. కోడూరులో తవ్వకం మొదలైన ఆ సంవత్సరాల్లోనే, 1893కూ 1896కూ నడుమ, బెజవాడ నుంచి కటక్ దాకా తూర్పు తీర రైలుమార్గం పడింది. చీపురుపల్లి, ఆమదాలవలస, నౌపడా, పలాస ఒక్కొక్కటే స్టేషన్లయ్యాయి. దాని దక్షిణ భాగం తరువాత మద్రాసు రైల్వేకు, వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేకు చేరాయి.

ప్రధాన మార్గం పడ్డాక దానికి కొమ్మలు వేయాలన్న ఆలోచన సహజంగానే వస్తుంది. ఈ ప్రాంతంలో ఆ కొమ్మల్లో అన్నిటికంటే చిత్రమైనది నౌపడా నుంచి పర్లాకిమిడికి వేసిన చిన్న రైలు. దీనికి కారణం గని కాదు, కంపెనీ కాదు, సర్కారు కూడా కాదు, ఒక జమీందారు. గంజాం జిల్లాలోని పెద్ద జమీందారీల్లో ఒకటైన పర్లాకిమిడికి అప్పటి రాజు గౌరచంద్ర గజపతి. ఆయన రాజధానికి సుమారు 40 కిలోమీటర్ల దూరాన నౌపడాలో కొత్తగా ప్రధాన మార్గం మీద స్టేషన్ వెలిసింది. అక్కడినుంచి తన ఊరికి రైలు వేసుకోవాలని రాజు సంకల్పించగా, ప్రభుత్వం అనుమతించాక 1898లో పని మొదలై, సుమారు 7 లక్షల రూపాయల ఖర్చుతో పూర్తయి, 1900 ఏప్రిల్ 1న పర్లాకిమిడి లైట్ రైల్వే పేరుతో రాకపోకలకు తెరుచుకుంది. కిలోమీటరుకు సగటున 17,500 రూపాయలు పడిందన్నమాట.

‘లైట్ రైల్వే’ అంటే తేలిక రైలు. ఇందులో తేలిక అన్నది అలంకారం కాదు, లెక్క. రెండు పట్టాల నడుమ దూరాన్ని గేజి అంటారు. దేశంలోని ప్రధాన మార్గాల గేజి 1,676 మిల్లీమీటర్లు, అంటే ఐదున్నర అడుగులు. పర్లాకిమిడి రైలు గేజి 762 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు. ప్రధాన మార్గపు పట్టాల మధ్య ఒక మనిషి అడ్డంగా పడుకోవచ్చు. చిన్న రైలు పట్టాల మీద అదే మనిషి చెరో పట్టా మీద చెరో కాలు వేసి నిలబడవచ్చు. గేజి తగ్గితే ఇంజను తేలికవుతుంది, ఇంజను తేలికైతే పట్టా పలచనిదైనా సరిపోతుంది, కట్ట వెడల్పు తగ్గుతుంది, వంతెన చిన్నదవుతుంది, వంపులు బిగువుగా తిప్పుకోవచ్చు గనుక కొండను తొలిచే బదులు, చెరువును పూడ్చే బదులు చుట్టి పోవచ్చు. మహారాష్ట్రలోని బార్సీ వద్ద 1897లో ఎవరార్డ్ కాల్‌త్రోప్ అనే ఇంజనీరు ఒక్కో ఇరుసు మీద పడే బరువు 5 టన్నులు దాటకుండా పెట్టెలనూ ఇంజన్లనూ రూపొందించి, ఇదే రెండున్నర అడుగుల గేజి మీద నడిపి, చిన్న సంస్థానాలకు కూడా రైలు అందుబాటులోకి వచ్చే వస్తువేనని చూపించాడు. పర్లాకిమిడి రైలు ఆ గాలిలో పుట్టిందే. ఇప్పుడు యునెస్కో ముద్ర ఉన్న కాల్కా–సిమ్లా రైలుది కూడా సరిగ్గా ఇదే గేజి. అది 1903లో మొదలైంది గనుక వయసులో పర్లాకిమిడి రైలుకు మూడేళ్ళు చిన్నది.

ఆ తేలికకు చెల్లించిన మూల్యం నౌపడాలో కనిపించేది. రెండు గేజిలు కలిసే చోట ఒక వ్యాగను రెండో పట్టాల మీదికి ఎక్కలేదు. పర్లాకిమిడి నుంచి వచ్చిన ధాన్యపు బస్తాను చిన్న వ్యాగను నుంచి దింపాలి, భుజాన వేసుకుని ప్లాట్‌ఫారం దాటించాలి, పెద్ద వ్యాగనులోకి ఎక్కించాలి. ఎదురుగా వచ్చే సరుకుకు అదే పని తిరగబడి జరగాలి. దీన్ని గేజి మార్పిడి అని కాగితం మీద రెండు మాటల్లో రాయవచ్చు గాని, అది నూరేళ్ళపాటు హమాలీల మెడలూ వీపులూ మోసిన పని. నౌపడా ఉప్పు మడులకు పేరు పొందిన చోటు కావడం ఇక్కడ గమనించవలసిన విషయం: సముద్రం ఒడ్డున తయారయ్యే ఉప్పుకు కొండల్లో గిరాకీ, కొండల్లో దొరికే చింతపండు, పసుపు, అడ్డాకుల వంటి సరుకుకు మైదానంలో గిరాకీ. ఈ ఇచ్చిపుచ్చుకోలు దారి మీదే రాజుగారి రైలు పడింది. మొదటి పదేళ్ళు నష్టాల్లోనే నడిచి, 1910 తరువాత కొద్దిపాటి లాభాలు చూసి, 1920ల నడిమికి నిలదొక్కుకున్నదని దాని చరిత్ర చెబుతుంది. ఆ ధైర్యంతోనే తరువాతి రాజు కృష్ణచంద్ర గజపతి కాలంలో 1929లో ఒక విడత, 1931లో మరో విడతగా మార్గాన్ని వంశధార లోయ వెంట కాశీనగర్ మీదుగా గుణుపురం దాకా పొడిగించారు. నౌపడా, టెక్కలి, టెంబూరు, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం: మొత్తం సుమారు 90 కిలోమీటర్లు.

ఈ పొడిగింపు రైలును ఒక భాష నుంచి ఇంకో భాషలోకి తీసుకుపోయింది. గుణుపురం చుట్టుపక్కల కొండలు సవరలవి. తెలుగు వ్యావహారిక భాషోద్యమానికి పెద్దదిక్కైన గిడుగు వెంకట రామమూర్తి సవర భాష నేర్చుకున్నది పర్లాకిమిడిలో ఉంటూనే. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన ఆయన 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. ముఖలింగం ఆలయ శాసనాలను చదవడానికి లిపిశాస్త్రాన్ని సొంతంగా నేర్చుకున్నారు. లిపి లేని సవర భాషకు వ్యాకరణమూ నిఘంటువూ కూర్చారు. ఆయన సవర భాషా వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం అచ్చువేసినది 1931లో, అంటే చిన్న రైలు సవరల గడపకు చేరిన సంవత్సరంలోనే. రెండింటికీ కార్యకారణ సంబంధం లేకపోవచ్చు; అయినా ఒకే ఊరి నుంచి ఒకే కొండల వైపు ఒక పండితుడి పుస్తకమూ ఒక జమీందారు రైలూ ఒకే ఏట చేరుకోవడం స్థానిక చరిత్ర రాసేవారు పట్టించుకోవలసిన సంగతే.

పండితుడూ జమీందారూ రాష్ట్ర విభజన విషయంలో మాత్రం ఎదురెదురు పక్షాల్లో నిలబడ్డారు. కృష్ణచంద్ర గజపతి ప్రత్యేక ఒరిస్సా రాష్ట్రం కోసం కృషిచేసిన నాయకుల్లో ముఖ్యుడు; 1930లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి హాజరై ఆ కోరికను వినిపించారు. తెలుగువారు ఎక్కువగా ఉన్న పర్లాకిమిడి ప్రాంతాన్ని ఒరిస్సాలో కలపరాదని గిడుగు వాదించారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. రైలు తొలిసారి కూత పెట్టిన 1900 ఏప్రిల్ 1కి సరిగ్గా ముప్పై ఆరేళ్ళు నిండిన రోజది. పర్లాకిమిడి పట్టణమూ జమీందారీలో కొంత భాగమూ ఒరిస్సాకు పోగా, పాతపట్నం, టెక్కలి వైపు మైదానం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. గిడుగు అదే ఏడాది పర్లాకిమిడి విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు; కృష్ణచంద్ర గజపతి 1937లో ఒరిస్సాకు తొలి ప్రధానమంత్రి అయ్యారు. అప్పటి పరిభాషలో ఆ పదవి నేటి ముఖ్యమంత్రి పదవితో సమానం. 1992లో ఏర్పడిన గజపతి జిల్లాకు ఆయన పేరే పెట్టారు. పాతపట్నానికీ పర్లాకిమిడికీ నడుమ దూరం కొద్ది కిలోమీటర్లే, పంచుకునే నది మహేంద్రతనయ ఒక్కటే. కానీ ఆ కొద్ది దూరంలో స్టేషన్ బోర్డు మీద తెలుగు అక్షరాలు తప్పుకుని ఒడియా అక్షరాలు వస్తాయి. రాజు సొంత డబ్బుతో సొంత జమీందారీలో వేసుకున్న రైలు ఒక్క రాత్రిలో రెండు రాష్ట్రాల రైలు అయింది.

ఆ తరువాతి యాజమాన్య చరిత్రను త్వరగానే చెప్పుకోవచ్చు. జమీందారీలు పోయాయి, కంపెనీ రైల్వేలు జాతీయమయ్యాయి. చిన్న రైలు ఆగ్నేయ రైల్వే చేతికి, 2003 ఏప్రిల్ 1 నుంచి తూర్పు కోస్తా రైల్వే చేతికి వచ్చింది. 1990ల తొలినాళ్ళలో బొగ్గు ఇంజన్ల స్థానంలో డీజిల్ ఇంజన్లు వచ్చాయి. దేశమంతటా ఒకే గేజి ఉండాలన్న యూనిగేజ్ విధానం 1992లో మొదలయ్యాక నేరోగేజి మార్గాలకు రోజులు దగ్గరపడ్డాయి. 2004 జూన్‌లో నౌపడా–గుణుపురం చిన్న రైలు ఆగిపోయింది. పట్టాలు ఎత్తివేసి, చాలావరకు అదే దారిని వెడల్పు చేసి, 2010–11 ప్రాంతంలో పెద్ద గేజి రైళ్ళు నడపడం మొదలుపెట్టారు.

ఇక్కడ వారసత్వ ప్రేమికుల వాదం తొందరపాటుగా వినిపించే ప్రమాదం ఉంది. మిడిల్టన్‌నూ టాలిలిన్‌నూ కాపాడుకోవడం సాధ్యపడినది వాటి అసలు పని ముగిసిపోవడం వల్ల. పలకరాయి గని మూతపడ్డాక వేల్స్ లోయలో ఆ పట్టాలను పెద్దవి చేయమని అడిగేవారు లేరు. వంశధార లోయలో పరిస్థితి అది కాదు. గుణుపురంలో ఎక్కిన రోగి విశాఖపట్నం ఆస్పత్రికి చేరాలంటే నౌపడాలో రైలు మారవలసిన రోజుల్లో, బస్తా మళ్ళీ దింపి ఎక్కించవలసిన రోజుల్లో, పెద్ద గేజి కావాలని అడిగినవారు చరిత్ర ద్రోహులు కారు. వాడుకలో ఉన్న మార్గం మీద నిలబడి దాన్ని వస్తుప్రదర్శనశాలగా మార్చమనడం ఆ మార్గం మీద ఆధారపడిన వారికి న్యాయం కాదు. కొత్తవలస–కిరండూల్ మార్గం ఇందుకు ఎదురు ఉదాహరణ: బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు తేవడానికి 1960లలో తూర్పు కనుమలను తొలిచి వేసిన ఆ మార్గంలో ఖనిజపు రైళ్ళు నేటికీ నడుస్తూండగానే, అరకు వెళ్ళే ప్రయాణికుల కోసం 2017 నుంచి అద్దాల పైకప్పు విస్టాడోమ్ పెట్టె చేర్చారు. పనిచేసే రైలు తన పని మానకుండానే చూడదగ్గ రైలు కూడా అయింది. బొబ్బిలి నుంచి సాలూరుకు 1913లో పడిన కొమ్మ మార్గంలో ఏళ్ళ తరబడి నడిచిన ఒంటి పెట్టె రైల్‌బస్సు, రద్దీ తక్కువైన చోట ఖర్చు తగ్గించే ఉపాయంగా మొదలై, చివరికి ఊరివారి ముద్దు బిడ్డగా మారింది.

చిన్న రైలు విషయంలో పోగొట్టుకున్నది పట్టాలను కాదు, పట్టాల చుట్టూ ఉండిన వివరాన్ని. కొన్ని ఇంజన్లకు రంగులు వేసి దిమ్మెల మీద నిలబెట్టారు. పిల్లలు వాటి ముందు ఫొటోలు దిగుతారు, అంతవరకు మంచిదే. కాని దిమ్మె మీది ఇంజను మాట్లాడదు. ఏ స్టేషన్ నుంచి ఏ సంత రోజున ఎన్ని వ్యాగన్లు కదిలేవి, గట్టి అట్టతో చేసిన పాత టిక్కెట్టు మీద ఏ ఊరి పేరు ఏ లిపిలో ఉండేది, వర్షాకాలంలో ఏ మలుపు దగ్గర కట్ట కుంగేది, ఆ సంగతి గ్యాంగ్‌మన్‌కు ఏ శబ్దం విని తెలిసేది అన్నవి ఇంజను చెప్పలేని విషయాలు. గ్యాంగ్‌మన్ అంటే తన వంతు పట్టా వెంట సుత్తి పట్టుకుని రోజూ నడిచి, వదులైన మేకును బిగించి, పగిలిన చెక్క స్లీపరును గుర్తుపెట్టే కార్మికుడు. పట్టా మీద సుత్తితో కొట్టి వినే మోతను బట్టి కీలు వదులుగా ఉందో బిగువుగా ఉందో చెప్పగలిగిన మనిషి పదవీ విరమణ పొంది టెక్కలిలోనో కాశీనగర్‌లోనో అరుగు మీద కూర్చుని ఉన్నాడంటే, అక్కడ ఒక దస్తావేజు కూర్చుని ఉన్నట్టే. మిడిల్టన్ కార్యకర్తలు కాపాడినవాటిలో ఇంజన్ల కంటే ఎక్కువ విలువైనది ఈ తరహా చేతి జ్ఞానమేనని అనవచ్చు. అక్కడ పాతవారు కొత్తవారికి బాయిలరు వెలిగించడం ఇంకా నేర్పుతున్నారు.

ఇంత జరిగినా రైలు తన అతుకును మరచిపోలేదు. విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ ఏర్పాటులో భాగంగా వాల్తేరు డివిజన్‌ను పంచే ప్రణాళికను కేంద్ర మంత్రివర్గం 2025 ఫిబ్రవరిలో ఆమోదించింది. డివిజన్ అంటే జోన్ కింద రైళ్ళ నిర్వహణ చూసే పాలనా విభాగం. ఆ పంపకంలో నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా ఉన్న మార్గం విశాఖపట్నం డివిజన్‌కు, పర్లాకిమిడి నుంచి గుణుపురం దాకా ఉన్న మార్గం తూర్పు కోస్తా రైల్వేలో రాయగడ కేంద్రంగా కొత్తగా ఏర్పడే డివిజన్‌కు కేటాయించారు. 1900లో గౌరచంద్ర గజపతి రైలు ఎక్కడ ఆగిందో, 1929లో రెండో రాజు రైలు ఎక్కడ మొదలైందో, సరిగ్గా అక్కడే కత్తెర పడింది. మధ్యలో జమీందారీ పోయింది, గేజి మారింది, ఇంజన్లు మారాయి, రాష్ట్రాలు మారాయి. కుట్టు మాత్రం అదే చోట ఉంది. మరోవైపు గుణుపురం నుంచి విజయనగరం–రాయపూర్ మార్గం మీది తెరువలికి సుమారు 73 కిలోమీటర్ల కొత్త మార్గానికి 2024 ఆగస్టులో అనుమతి లభించింది. ఆ పని పూర్తయితే ఒక జమీందారు తన ఊరికని వేసుకున్న కొసరు దారి, ఆ కొస తెగి రెండు ప్రధాన మార్గాలను కలిపే దారి అవుతుంది.

ఇప్పటికైతే గుణుపురం నుంచి విశాఖపట్నం వెళ్ళే ప్యాసింజరు ఉంది. రథసప్తమికి అరసవల్లి వెళ్ళాలనుకున్న సవర కుటుంబం గుణుపురంలో ఎక్కితే పర్లాకిమిడి దాటి, పాతపట్నం, టెక్కలి దాటి నౌపడా చేరుతుంది. అక్కడ మూటలు దింపనక్కరలేదు, మోయనక్కరలేదు, మరో రైలు ఎక్కనక్కరలేదు. కూర్చున్నచోటే కూర్చుని శ్రీకాకుళం రోడ్ చేరవచ్చు. ఆ పైన మిగిలే 13 కిలోమీటర్లకు మాత్రం, ఆ స్టేషన్ పేరు 1890ల నుంచి చెబుతున్నట్టే, రోడ్డే దారి.